సంతకం మీద కొట్టిన ముద్ర

సింగపూర్‌లో ఐటీ ఉద్యోగాలు జోరుగా దొరుకుతున్న రోజుల్లో క్లెమెంటిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. సింగపూర్ కాలేజీ ఇచ్చిన నా డిగ్రీ పట్టా కింది మూలన నల్లచుక్కల చదరం ఒకటి అచ్చయి ఉండేది. కాలేజీవారి డిజిటల్ సంతకం అందులోనే ఉంటుంది. స్కానర్ పెడితే పట్టా అసలుదో కాదో తేలిపోతుంది.

ఉద్యోగం ఇస్తామన్న కంపెనీకి దాన్ని తీసుకెళ్ళాను. కౌంటర్‌లోని అమ్మాయి ఊదా సిరా కారుతున్న రబ్బరు ముద్రను సరిగ్గా ఆ చదరం మీదే కొట్టింది. లోపల మేనేజరు మన తెలుగాయనే. స్కాన్ చేస్తే ఎర్ర లైటు వెలిగింది.

"మనవాళ్ళ సర్టిఫికెట్ల సంగతి నాకు తెలీదా తమ్ముడూ! ఏ సందులో అచ్చేయించావ్?" అని అందరూ వినేలా నవ్వాడు.

"మీ ముద్ర పడి చెడిపోయిందండీ."

"ముద్ర లేకుండా ఏ కాగితమూ లోపలికి రాదు. రూలు."

కాలేజీలో మరో ప్రతి అచ్చు వేయించి తెచ్చాను. ఈసారి కౌంటర్ దగ్గర చదరాన్ని అరచేత్తో మూసి పట్టుకున్నాను. ముద్ర పక్కన పడింది. స్కానర్‌లో పచ్చ లైటు వెలిగింది.

"సరే, సోమవారం వచ్చి చేరిపో," అన్నాడు తలెత్తకుండా.

"మొన్న దొంగ సర్టిఫికెట్ అన్నారు. కాదని కూడా అంత గట్టిగానే చెప్పండి."

"ఇంత చిన్నదానికి ఇంత పట్టుదలా తమ్ముడూ!" అని మళ్ళీ నవ్వాడు.

ఆ నవ్వు చూస్తే వెగటు పుట్టింది. పట్టా లాక్కుని వచ్చేశాను. ఆ ఉద్యోగంలో చేరలేదు.

ఇప్పటికీ బుకిట్ బటోక్ బస్టాప్‌లో ఎదురైతే "బాగున్నావా తమ్ముడూ" అంటాడు. స్కానర్ ఒప్పుకున్న మాట ఆయన నోట ఇంకా రాలేదు. నేను మొహం తిప్పుకుని బస్సు వచ్చే వైపు చూస్తాను.