తుపాకి మూతికి కట్టిన గుడ్డ

“తుపాకి మూతికి గింత పేలిక కట్టి ఉంటే మా ఆయన బతికెటోడా?” అని అడిగాను.

“బతికెటోడమ్మా,” అని ఆ పోలీసాయన నాగల్‌గిద్దలో బస్సు దిగిపోయాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

అంతకుముందు నారాయణఖేడ్‌లో బస్సెక్కి నా పక్క వరుసలో కూర్చున్నాడు. మోకాళ్ల నడుమ తుపాకి, దాని మూతికి గుడ్డ కట్టి ఉంది.

“ఏందయ్యా, నీ తుపాకికి పన్ను నొస్తున్నదా?” అన్నాను.

ఆయన నవ్వాడు. “దుమ్ము పోవద్దని కట్టిన. గొట్టంల జరంత మట్టి ఇరికినా, కాలిస్తే చేతులల్లనే పగుల్తది.”

అప్పుడు ఆయనకు మా ఇంటి సంగతి చెప్పాను. మా ఆయన కందిచేనుకు పందుల కావలి పోయేటప్పుడు తుపాకి పట్టుకుపోయేవాడు. మూతి మనిషి వైపు ఉండొద్దని దాన్ని తలకిందులుగా రేగడిలో గుచ్చి నిలబెట్టేవాడు. వాళ్ల నాయన నేర్పిన జాగ్రత్త అది. ఒకనాడు వాన వెలిసినాక పందిని చూసి, మట్టిలోంచి పీకి అట్లాగే కాల్చాడు. గొట్టం పగిలి ఆయనే పోయాడు. పోచమ్మకు కోపమొచ్చిందని ఊళ్లో నాచేత మేకను కోయించారు. ఒక్కడూ మట్టి మాట ఎత్తలేదు.

ఇప్పుడు నేను చెబుతుంటే ఇది రాస్తున్న పిల్ల తండ్రి, మా మరిది, తన తుపాకినీ అట్లాగే గుచ్చుతున్నాడు. చెబితే, “ఆడమనిషివి, నీకేం ఎరుక వదినా,” అంటాడు. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. నా మాటకు విలువ లేదు గాని, కాగితమంటే వాడికి భయం.

బిడ్డా, రాసింది మొత్తం చదువు. గట్టిగా చదువు, మీ నాయన బయట అరుగు మీదే కూర్చున్నాడు.