గింజ పగలకూడదు

చివ్వెంల కమ్మరి పిచ్చయ్య మాట తక్కువ మనిషి. నాగలి కర్రు సాగదీసి రైతు చేతికిచ్చేటప్పుడు "అయింది" అని ఒక్క మాట అనేవాడు. "ఇంకా కాలే" అన్నాడంటే మాత్రం ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ కర్రు మళ్లీ నిప్పులోకి పోవాల్సిందే. రైతులు విసుక్కునేవాళ్లు. తిట్టుకునేవాళ్లు. మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

ఊళ్లో కొలిమి ఒకటే. అందులో సగం హక్కు పిచ్చయ్యది, సగం అతని చిన్నాయన కొడుకు ఐలన్నది. పంట కళ్లంలో ఉండగా రైతులు ఇంటికింత అని గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. దాన్ని మేర అంటారు. మేర తీసుకున్న కమ్మరి ఏడాది పొడుగునా ఏ పని తెచ్చినా చేసిపెట్టాలి, వేరే ధర అడగరాదు. ఉగాది పొద్దున ఊరి పెద్దలు కొలిమి ముందుకు వస్తారు. కమ్మరి అక్కడ నిలబడి "చేస్త" అంటే ఇంకో యేడు గడిచినట్టు. పిచ్చయ్య తండ్రి అట్లాగే నిలబడ్డాడు, తాత నిలబడ్డాడు.

పంతొమ్మిది వందల నలభై ఆరు చలికాలంలో ఒకరోజు భార్య గోపమ్మ ఆముదాలు కొట్టే కూలికి పోయి వచ్చింది. ఎండిన కాయలను వాకిట్లో పరిచి ఆడవాళ్లు కట్టెలతో కొడతారు. పొట్టు మీది ముళ్లు ఎగిరి ఆమె కంట్లో పడ్డాయి. కన్ను ఎర్రగా వాచింది. పిచ్చయ్య ఆ కన్ను చూశాడు. తర్వాత ఆమె కొంగులో కూలికింద తెచ్చుకున్న గింజలను ఇంకా ఎక్కువసేపు చూశాడు.

"కన్ను ఈడుంటే ఆడ సూస్తవేంది?" అంది గోపమ్మ.

"సగం పగిలినయి."

"కట్టెతోటి కొడితే పగులయా? పగిలినయని షావుకారు ధర ఇరిసిండు. కొట్టక ఇంకెట్ల తీస్తరు?"

పిచ్చయ్య కొంగులో చెయ్యి పెట్టాడు. రెండు గింజలు తీసి మొలలో దోపుకున్నాడు.

ఆ ఉగాదికి కొలిమి ముందు నిలబడి, ఈ యేడు తన సగం పని కూడా ఐలన్నే చేస్తాడు, మేర కూడా అతనే తీసుకుంటాడు అని చెప్పాడు. మరి నువ్వు చేసే పని ఏమిటని అడిగితే ఆముదాలకు మిషిని చేస్తానన్నాడు. పెద్దలు నవ్వారు గానీ కాదనలేదు. ఆ యేడు ఇల్లు గోపమ్మ కూలి మీద నడిచింది.

మొదటి మిషిను తుమ్మ మొద్దుతో చేశాడు. మొద్దును గుండ్రంగా చెక్కి, ఇనుప పట్టీలు బిగించి, పట్టుకుని తిప్పడానికి ఇనుప చెయ్యి బిగించాడు. దాని ఎదురుగా వంచిన రేకు. పైన తొట్టిలో కాయలు పోసి తిప్పితే మొద్దుకూ రేకుకూ మధ్య నలిగి పొట్టు ఊడాలి. ఊడింది. దాంతోపాటు గింజ కూడా పిండి అయింది. రేకు నిండా జిడ్డు.

ఐలన్న వచ్చి వేలితో ఆ జిడ్డు తీసి తలకు రాసుకున్నాడు. "అన్నా, గానుగ మంచిగ చేసినవ్. కింద గిన్నె పెట్టుడు మరిసినవ్."

ఆ తర్వాతి రోజులు ఊళ్లకు బాగలేవు. సుత్తి చప్పుడు వినబడితే బరిసెలు చేస్తున్నాడని సర్కారు మనుషులు వచ్చేవాళ్లు, తమకు చేసిపెట్టడం లేదని దళంవాళ్లు వచ్చేవాళ్లు. ఒక పొద్దున ఎవరో కొలిమి తిత్తి కోసిపోయారు. పిచ్చయ్య మొద్దునూ రేకునూ గడ్డివాములో దాచి, ఆ యేడంతా గింజలను చూస్తూ కూర్చున్నాడు. కాయ ఎంత లావు, గింజ ఎంత లావు, రెండింటికీ మధ్య తేడా ఎంత. సందు కాయ కంటే చిన్నగా, గింజ కంటే పెద్దగా ఉండాలి. అంతే. కానీ ఆ సందు సుత్తితో కొట్టి పెడితే నిలవడం లేదు. రెండో ఉగాదికి కూడా ఊరి పని ఐలన్నకే వదిలాడు.

పోలీసు చర్య అయిపోయి దారులు తెరుచుకున్నాక పిచ్చయ్య కోదాడ పోయాడు. అక్కడ లారీలు బాగుచేసే షెడ్డులో వీరభద్రం అనే మేస్త్రి దగ్గర లేతు మిషిను ఉండేది. సందు నిలవాలంటే మరలు తీసిన బోల్టులు బిగించాలి, అవి కొలిమిలో అయ్యే పని కాదు.

"ఎంత సందు కావాలయ్యా?" అన్నాడు వీరభద్రం.

"గింజంత."

"గింజంతంటే? కొలత చెప్పు."

పిచ్చయ్య మొలలోంచి పది గింజలు తీసి బల్ల మీద పెట్టాడు. వీరభద్రం కొలిచే పట్టుకారు తెచ్చి ఒక్కొక్కటే కొలిచి, చివరికి దాన్ని బల్ల మీద పడేశాడు. "పదీ పది రకాలుగా ఉన్నాయి. నీ గింజలకే ఒక మాట లేదు, నన్ను ఒక్క సందు పెట్టమంటావేంటి?"

పిచ్చయ్య చిన్న గింజనూ పెద్ద గింజనూ పక్కపక్కన పెట్టాడు. "అయితే సందు కదిలేటట్టు చెయ్యి. ఏ చేను గింజకు ఆ సందు పెట్టుకుంటరు."

"ఆ మాట మొదలే అనొచ్చుగా!"

"ఇప్పుడే తెలిసింది."

నాలుగు బోల్టులు రేకు వెనక నాలుగు మూలలకు వచ్చాయి. బిగిస్తే రేకు ముందుకు జరుగుతుంది, వదిలితే వెనక్కి. సూర్యాపేట అంగడిలో దళసరి రేకు కొని, మొద్దు అరిగిపోకుండా రెండు వైపులా ఇనుప కడియాలు తొడిగాడు. నలభై తొమ్మిది సంక్రాంతి దాటాక ఊరి కాయలు పోసి తిప్పితే పొట్టు ఒక దిక్కు, గింజ ఒక దిక్కు పడ్డాయి. గోపమ్మ గుప్పెడు గింజలు తీసి ఏరింది. పగిలింది ఒక్కటి.

"అయిందా?" అంది.

"అయినట్టే ఉంది" అన్నాడు. అట్లా అనడం గోపమ్మ మొదటిసారి విన్నది.

మిర్యాలగూడలో వెంకటేశం అనే షావుకారు ఆముదాలు కొని ఆంధ్రా మిల్లులకు పంపేవాడు. పగిలిన గింజతో నష్టపోయేది మొదట ఆయనే. పిచ్చయ్య పోయి అడిగితే, మిషిను పట్టుకొచ్చి చూపించమన్నాడు. గుప్పెట్లో రెండు గింజలకు మించి పగలకపోతే తన దుకాణంలో పెట్టి చుట్టుపక్కల ఊళ్లకు అమ్మిస్తానన్నాడు.

బండికి ఎత్తుతుంటే మల్సూర్ పటేల్ వచ్చాడు. ఊళ్లో పెద్ద సేద్యం ఆయనది, కొలిమి దగ్గర ఆఖరు మాట కూడా ఆయనదే.

"పిచ్చయ్యా, ఉగాది అయిదొద్దులున్నది. రెండేండ్లు వదిలినవ్, ఏమనలే. మూడోసారి గూడ నువ్వు నిలబడకపోతే నీ సగం ఇగ ఐలన్నకే. మల్ల వచ్చి మా తాత, మా నాయిన అంటే నడ్వది."

"వస్త పటేలా. పోను రెండొద్దులు, రాను రెండొద్దులు."

"మధ్యల ఒక్కటే ఉన్నది. సూస్కో."

మిర్యాలగూడ చేరిన మర్నాడు వెంకటేశం వాకిట్లో మిషిను దించారు. చివ్వెంల నుంచి తెచ్చిన బస్తా విప్పి పోశారు. వెంకటేశం స్వయంగా గుప్పెడు తీసి చూశాడు. పగిలింది ఒక్కటీ లేదు. ఇంకో గుప్పెడు తీశాడు. ఒకటి.

"పిచ్చయ్యా, ఇగ నువ్వు ఇంటికి పోయి వీటినే చెయ్యి. ఎన్ని చేస్తే అన్ని దింపు" అని నవ్వుతూ భోజనానికి లోపలికి పోయాడు.

వాకిట్లో దామరచర్ల దిక్కు తండా నుంచి వచ్చిన భీమ్లా, అతని భార్య జమ్లీ తమ గింజలు అమ్మడానికి కూర్చుని ఉన్నారు. జమ్లీ లేచి వచ్చి మిషిను చుట్టూ తిరిగి చూసింది. వాళ్ల బండిలో కొట్టకుండా మిగిలిన కాయలు ఒక మూట ఉన్నాయి. "కమ్మరన్నా, మాయి గూడ పొయ్యి. ఇంటికి పోయినంక కొట్టే పని తప్పుతది" అంది.

పిచ్చయ్య పోశాడు. తిప్పాడు. చెయ్యి బరువుగా తిరిగింది. కింద పడ్డవాటిలోంచి జమ్లీ గుప్పెడు తీసి అరచేయి చాపింది. తెల్లగా పగిలినవి ఏడు.

"మా కట్టె నయం" అంది.

పిచ్చయ్య బోల్టులు వదిలి మళ్లీ తిప్పాడు. ఈసారి పొట్టే ఊడలేదు. బిగిస్తే గింజ పగిలింది. ఒక కాయ తీసి గోటితో గిల్లి చూశాడు. రాయిలా ఉంది.

"ఎన్నొద్దులు మాగబెట్టిన్రు?"

"మాగబెట్టుడేంది?"

"కాయ కోసినంక కుప్పపోసి గడ్డి కప్పరా? పొట్టు మెత్తపడ్డంక ఎండబెట్టరా?"

భీమ్లా, జమ్లీ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "గడ్డి ఎడ్లకేస్తరు గని ఆముదాలకేస్తరా! మేము కోస్తం, బండ మీద ఆరబోస్తం, అంతే" అన్నాడు భీమ్లా.

మూడేళ్లుగా పిచ్చయ్య చూసిన కాయలన్నీ చివ్వెంల కాయలే. లోకమంతా కుప్పపోసి మాగబెడుతుందనే అనుకున్నాడు. ఇంకోరకంగా చేసేవాళ్లు ఉంటారేమోనని అడగాలని కూడా తోచలేదు.

వెంకటేశం చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి పిచ్చయ్య ఆయనకు ఆ ఏడు గింజలు చూపించాడు.

"దాచిపెట్టక నాకెందుకు సూపెడుతున్నవయ్యా?" అన్నాడు షావుకారు. "వీళ్లకు గూడ మాగబెట్టుమని చెప్తం. నేర్చుకుంటరు."

"మీకు గింజలెవరు ఎక్కువ తెస్తరు సేట్?"

"ఇటు దామరచర్ల దాక తండాలే. సగానికి ఎక్కువ."

"అయితే కాలే."

పొద్దున బయలుదేరితేనే ఉగాదికి చివ్వెంల చేరతాడు. ఆ సంగతి పిచ్చయ్యకు తెలుసు. మిషినును భీమ్లా బండికి ఎత్తించి, తండా దారి పట్టాడు.

దారిలో భీమ్లా అడిగాడు. "పండుగపూట ఇంట్లె లేకపోతే పెండ్లాం కొట్టదా?"

"కొలిమి పోతది." పిచ్చయ్య ఉన్న సంగతంతా నాలుగు మాటల్లో చెప్పాడు.

వెనక కూర్చున్న జమ్లీ ఊరుకోలేదు. "పిచ్చోని లెక్కున్నవ్. మా గింజ పగిలితే నీకేం పోయె? బండి దిగి ఊరికి పో."

"పగిలేదాన్ని అయిందని ఎట్లంట?"

భీమ్లా ఎడ్లను అదిలించాడు.

తండా పక్కనున్న బండ మీద రెండు రోజులు పిచ్చయ్య బోల్టులు బిగిస్తూ వదులుతూ గడిపాడు. రేకు మీద గోనెపట్టా చుట్టాడు, చిరిగిపోయింది. పాత తోలు కట్టాడు, కాయలు జారిపోయాయి. ఉగాది పొద్దున తండాలో ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. జమ్లీ మాత్రం గంపెడు కాయలు బండ మీద పోసి, చెప్పు కాలితో నలుస్తూ నిలబడింది. కొట్టడం లేదు. కాలు బరువు వేసి ముందుకు తోసి, వెనక్కి లాగుతోంది.

"అదేంది, కట్టె ఏమైంది?"

"ఇవి ఇత్తనానికి. ఇత్తనాల కాయ కొడితే మొలుస్తదా? గిట్ల నలవాలె."

పిచ్చయ్య వంగి చూశాడు. గింజలు ఒక్కటీ చెదరలేదు. ఆమె కాలి కిందికి చూశాడు. చెప్పుకు కింద లారీ టైరు ముక్క. కోదాడ బాట మీద మిలిటరీ లారీలు పారేసిన టైర్లు కోసి భీమ్లా ఇంటిల్లిపాదికీ చెప్పులు కుట్టాడు.

"జమ్లీ, ఆ చెప్పు ఇయ్యి."

"ఉగాది పూట నా చెప్పు అడుగుతవేందన్నా?" అంటూనే విడిచి ఇచ్చింది.

చెప్పు సరిపోలేదు. భీమ్లా ఇంటి వెనక మిగిలిన టైరు తీసి ఇచ్చాడు. పిచ్చయ్య దాన్ని రేకంత కోసి, అంచుల్లో చీలలు కొట్టి బిగించాడు. టైరు మందానికి సరిపోయేటట్టు బోల్టులు వెనక్కి వదిలాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తొట్టిలో తండా కాయలు పోసి తిప్పాడు. ఈసారి చెయ్యి తేలికగా తిరిగింది. కాయ నలగకుండా దొర్లింది, దొర్లి పొట్టు విప్పుకుంది. జమ్లీ గుప్పెడు తీసింది. ఒకటి. భీమ్లా తీశాడు. లేదు.

ఆ వేళకు చివ్వెంలలో కొలిమి ముందు పెద్దలు లేచి ఇళ్లకు పోయి ఉంటారు. పిచ్చయ్య పొట్టు ఊడ్చి, మళ్లీ తొట్టి నింపి, తండాలో ఉన్న కాయలన్నీ అయ్యేదాకా తిప్పాడు.

"అయింది" అన్నాడు చివరికి.

మర్నాడు మిర్యాలగూడలో వెంకటేశం రెండు రకాల కాయలూ పోయించి చూసి, మరోమాట అనకుండా మిషినును దుకాణం ముందు పెట్టించాడు. చూసి జనం అడుగుతారన్నాడు. వర్షాలు పడేలోగా ఇంకో అయిదు కావాలన్నాడు. పిచ్చయ్య ఒప్పుకుని ఊరి దారి పట్టాడు.

ఇంటికి చేరేసరికి గోపమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. "ఐలన్నకే ఇచ్చిన్రు" అంది. "నీ దాగలి మాత్రం తెచ్చి ఇంటెనక పెట్టించిన. అది మనదే గద." ఆ దాగలి మీదే పిచ్చయ్య తండ్రి ఇనుము కొట్టేవాడు.

"మంచి పని చేసినవ్" అన్నాడు పిచ్చయ్య. ఆ సాయంత్రమే ఇంటి వెనక గుంట తవ్వి, మట్టితో కొత్త పొయ్యి మలిచాడు.

రెండు రోజుల తర్వాత మల్సూర్ పటేల్ వచ్చాడు. మిర్యాలగూడ పోయి వచ్చిన బండ్లవాళ్లు చెప్పినట్టున్నారు. ఇంటి వెనకకు నడిచి, సగం చెక్కిన తుమ్మ మొద్దు పక్కన నిలబడ్డాడు.

"పండుగనాడు ఎందుకు రాలేదు?"

"గింజ పగిలింది పటేలా."

"ఇప్పుడు?"

"పగులుతలేదు."

మల్సూర్ తల ఊపాడు. మొద్దు మీద చెయ్యి వేసి నిమిరాడు. "కొలిమి సంగతి ఊరంత కలిసి అన్న మాట. నేనొక్కన్ని మార్చలేను. అదట్లుండనీ. నాకు ఆముదాలు పదిహేను బస్తాలైనయి ఈ యేడు. మిషిని ఎప్పుడిస్తవ్?"

"సేట్ దుకాణంల పెడుతున్న. ఆడ అడుగుండ్రి."

"దుకాణంల కొనుక్కోవాల్నా? ఊరి కమ్మరి చేసిందానికి మేము కొనుడేంది? మేర ఇస్తలేమా?"

పిచ్చయ్య మొద్దు చెక్కుతున్న బాడిసె పక్కన పెట్టి, ఆయన ముఖంలోకి చూశాడు. "మేర ఐలన్నకు ఇస్తున్రు గద పటేలా. నేను ఊరి కమ్మరిని కాను."

మల్సూర్ మొద్దు మీంచి చెయ్యి తీశాడు. గొంతు తగ్గించి అడిగాడు, "సేట్ దగ్గరికి పోకుంట ఈడ కొంటే, నాకు జర ముందిస్తవా?"

"అయినంక చెప్త" అన్నాడు పిచ్చయ్య, మొద్దును తనవైపు దొర్లించుకుంటూ.