డోలు లేని పాట

ఆ సన్నాయి పాట ఎవరి కోసం కట్టావని అడిగిన ప్రతివాళ్లకూ, చనిపోయిన నా జతగాడి కోసమని చెప్పాను. అది అబద్ధం కాదు. అతని బతుకు చెడింది నా వల్లేనన్న మాట మాత్రం ఇన్నేళ్లూ మింగేశాను. మొన్న భోపాల్‌పట్నంలో బంధువుల పెళ్లిలో, భోజనాల వేళ ఎవరో ఫోన్‌లోంచి అదే పాట డీజే పెట్టెల్లో వేశారు. దోస్తు అంటే వీడురా అని బంతిలో నలుగురూ నన్ను మెచ్చుకుంటుంటే, ఎదురు వరుసలో కూర్చున్న అతని భార్య, నేను వదినా అని పిలిచే మనిషి, సగం తిన్న విస్తరి వదిలేసి లేచిపోయింది.

మా మేళానికి పెద్ద మా మేనమామ. ఊపిరి తగ్గాక ఆయన శ్రుతిపెట్టె పట్టుకుని వెనక కూర్చునేవాడు, సన్నాయి నాకిచ్చాడు. డోలు నాకంటే రెండేళ్లు పెద్దవాడైన ఆ జతగాడిది, అన్నా అనేవాణ్ని. తాళి కట్టే వేళ పంతులు వేలెత్తుతాడు, అది చూసి నేను తల ఊపాలి, నా తల ఊగితేనే అన్న డోలు అందుకోవాలి. ఏ తుమ్మూ ఏ ఏడుపూ వినపడకూడదనే కదా గట్టిమేళం!

ఇంద్రావతి అవతలి ఊళ్లో ఒక పెళ్లిలో, పంతులు వేలెత్తినప్పుడు నేను తల వంచుకుని సన్నాయి పీక సర్దుకుంటున్నాను. పందిరంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎవరో గట్టిగా తుమ్మారు. పెళ్లికొడుకు తల్లి నెత్తి బాదుకుంది. మామ లేచి వచ్చి, “ఏందిరా, చేతులు ఇంటికాడ పెట్టొచ్చినవా?” అంటూ అన్న మెడలోని డోలు లాగేసుకున్నాడు. అన్న నా వైపు చూశాడు. నేను చెబుతాననుకున్నాడు. నేను పీక నోట్లో పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఏ పెళ్లికీ అతణ్ని ఎవరూ పిలవలేదు. తుమ్ముల డోలు అని పేరు పెట్టారు. మిర్చి కోతలకు సరిహద్దు దాటి వెళ్లి, మూడో ఏడు చేను పక్క గుడిసెలోనే జ్వరంతో పోయాడు.

నా తప్పు నేను మోయలేక దాన్నంతా మామ మీద పగగా మార్చుకున్నాను. పాట కట్టాను. డోలు దెబ్బ పడాల్సిన చోటల్లా ఊపిరి బిగబట్టి ఖాళీ వదిలాను. మేళగాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియని లోటు అది. మామ కూతురి పెళ్లి దాకా ఆగి, అప్పగింతల వేళ దాన్ని ఊదాను. అప్పగింతల పాట ఎలాగూ ఏడిపించేదే గనక జనం కళ్లు తుడుచుకుంటూ మెచ్చుకున్నారు. మామ మాత్రం మూడో ఖాళీ దగ్గరే పోల్చుకున్నాడు. కూతురి పెళ్లిలోనూ తానే పట్టిన శ్రుతిపెట్టె మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఎవల సావురా ఊదుతున్నవ్, నా బిడ్డ పెండ్లిల?”

“నువ్వు ఎల్లగొట్టినోనిదే, మామా.”

ఆయన ముఖం నల్లబడుతుంటే నాకు కడుపు నిండినట్టయింది. మళ్లీ మొదటినుంచి ఊదాను, ఈసారి ఇంకా నెమ్మదిగా. మామ మరి మేళంలో కూర్చోలేదు, నాతో మాట్లాడకుండానే కన్నుమూశాడు. ఆ పిల్ల తన అప్పగింతల్లో మోగింది చావుపాట అని తర్వాత విని, మా గడప తొక్కలేదు.

మొన్న చేతులు కడిగే డ్రమ్ము దగ్గర వదినకు ఇదంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, “పందిట్ల ఆయన పరువు తీసి, డ్రమ్ము కాడ చెప్తున్నవా? మంచిగున్నది నీ గల్తీ ఒప్పుకునుడు! పో, గా బంతిల చెప్పు,” అంది.

ఇప్పుడు గట్టిమేళం కూడా ఫోన్‌లోంచే వస్తోంది, ఎవరూ ఎవరి తల వైపూ చూడనక్కర్లేదు. ఒక మనిషి నన్ను నమ్మి, రెప్ప వేయకుండా నన్నే చూస్తూ కూర్చున్న ఆ రోజులు ఇక రావు.

పాట ఆపించి, విస్తళ్ల మధ్య నిలబడ్డాను. నా గొంతు నాకే వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

“ఆ పొద్దు తల ఊపంది నేను. అన్న చేతుల ఏ తప్పూ లేకుండె. మామ మీదికి తోసి పగ తీర్చుకున్నది గూడ నేనే. వదినా, నన్ను మాఫ్ చెయ్యి.”