మా మేనత్త చెప్పిన రేటు

నా చిన్నప్పుడు, అంటే ఎనభైల మొదట్లో, గుంటూరు బ్రాడీపేటలో మా మేనత్త తన ఇంటి వరండాలో బల్ల వేసుకుని వాచీలు బాగుచేసేది. ఆ పని మామయ్య నేర్పాడు. ఆయన పోయాక, పనిముట్ల పెట్టె అమ్మేసి మా ఇంటికి వచ్చెయ్యమని మా నాన్న రోజూ పోరేవాడు. చేతిలో పని పెట్టుకుని ఒకరి పంచన ఎందుకుంటాననేది అత్త. ఆ బల్ల నడిస్తే తన ఇంట్లో తను ఉంటుంది, నడవకపోతే మా ఇంటికి రావలసిందే.

పనికి ఎవరూ వంక పెట్టలేదు. తంటా అంతా డబ్బుల దగ్గరే. ఇంట్లో కూర్చుని చేసేదానికి ఇంతా అనేవాళ్ళు కొందరు. మూత తీసి మూత పెట్టడానికి ఇంతా అనేవాళ్ళు ఇంకొందరు. మా చర్చివాళ్ళయితే ప్రభువు నిన్ను దీవిస్తాడమ్మా అంటూ వాచీ చేతికి పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. దీవెన మంచిదే, కాదన్నదెవరు? దానికి కొట్టువాడు కిరసనాయిలు పొయ్యడుగా!

ఒకరోజు పొద్దున్నే ఒక మిర్చి దళారీ ఆగిపోయిన వాచీ తెచ్చాడు. లోపలంతా మిరపకాయల దుమ్ము. పదిహేను రూపాయలవుతుందని అత్త ముందే చెప్పింది, ఆయన తలూపాడు. ఆ ఘాటుకి తుమ్ముతూ, కళ్ళు మండుతున్నా, ఒక్కో చక్రం పెట్రోలుతో కడిగి సాయంత్రానికల్లా నడిపించింది.

ఆయన వచ్చేసరికి నేనూ నాన్నా అక్కడే ఉన్నాం. వాచీ చెవి దగ్గర పెట్టుకుని విని మురిసిపోయి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. జేబులో చెయ్యి పెట్టకుండా భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకున్నాడు. అప్పట్లో మిర్చి బేరం అలాగే చేసేవాళ్ళు. ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర తేల్చుకుంటారు, చూసేవాళ్ళకి తెలియదు. ఆడమనిషి చెయ్యి పట్టుకోలేడు గనక, మగాళ్ళం మనం తేల్చుకుందాం రండంటూ మా నాన్నని పిలిచాడు. ఎంతోకొంత వస్తే చాలనుకున్నాడో ఏమో, మా నాన్న మెతకమనిషి, పోయి చెయ్యి పెట్టాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అత్త కంటికున్న భూతద్దం తీసింది. గొంతు పెంచలేదు.

"అన్నయ్యా, చెయ్యి బయటికి తియ్యి. పని చేసింది నేను. రేటు పొద్దున్నే చెప్పాను, ఇప్పుడూ అదే."

నాన్న చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. దళారీ మొహం ఎర్రబడింది. ఆడదానికి ఇంత పొగరు పనికిరాదన్నాడు. మార్కెట్టు నుంచి ఇక ఒక్కడు కూడా నీ గుమ్మం తొక్కడన్నాడు.

"తొక్కకపోతే పోనీండి. మీకు తగ్గిస్తే రేపు ఈ వీధంతా తువ్వాళ్ళేసుకుని వస్తుంది. డబ్బులిచ్చి వాచీ తీసుకెళ్ళండి."

గొణుక్కుంటూనే మొత్తం ఇచ్చాడు. అన్నంత పనీ చేశాడు కూడా. ఆ తర్వాత చాన్నాళ్ళు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అత్త గంజి తాగి, పొద్దున్నే బల్ల తుడుచుకుని కూర్చునేది. రేటు మాత్రం తగ్గించలేదు. నాకు భయమేసేది. నాన్న ఏ రోజు వచ్చి పెట్టె సర్దమంటాడోనని.

నాన్న వచ్చాడు. పెట్టె ఊసెత్తలేదు. తన చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టి, వెనకబడుతోంది, ఎంతవుతుందని అడిగాడు. పక్కింటివాళ్ళంతా వింటున్నారు.

"పదిహేను" అంది అత్త.

తోడబుట్టినవాడని ఒక్క రూపాయి తగ్గించలేదు! నాన్న అందరి ముందూ మొత్తం ఆమె చేతిలో పెట్టాడు. అంతవరకూ రాయిలా కూర్చున్న మనిషి అప్పుడు ఏడ్చింది. పెట్టె అమ్మమన్న మాట నాన్న నోట మళ్ళీ రాలేదు. నెమ్మదిగా జనమూ వచ్చారు.

నేను జాకెట్లు కుట్టి బతికాను. ఇప్పటికీ కుడుతున్నాను. మనవాళ్ళమే కదా, కాస్త చూసి తీసుకో అంటూ చుట్టాలు వస్తుంటారు. మనవాళ్ళు కాబట్టే మొత్తం ఇవ్వాలని చెబుతాను.