రిక్వైటల్ అనే మాట, ఒక ఆదివారం షిఫ్టు

రిక్వైటల్ అనే ఇంగ్లీషు మాటను నేను మొదట చూసింది ప్రైవేటుగా కట్టిన బి.ఏ. పరీక్షలో. ఐదు మాటలిచ్చి సొంత వాక్యాల్లో వాడమన్నారు. నాలుగు తెలుసు. ఐదోదానికి ఏదో రాసి బయటపడ్డాను. ఇంటికి వచ్చి నిఘంటువు తీస్తే, ఒకరు మనకు చేసినదానికి మనం తిరిగి చెల్లించేది అని ఉంది. మేలుకు మేలు కావచ్చు, కీడుకు కీడు కావచ్చు. మామూలు మాటల్లో వాడరు. పాత పుస్తకాల్లో, పెద్దవాళ్లు రాసుకునే ఉత్తరాల్లో 'మీ దయకు రిక్వైటల్‌గా' అన్న పద్ధతిలో కనిపిస్తుందట.

ఆ పరీక్ష నేను రాయగలిగింది ఒక మనిషి వల్ల. డెబ్బైల్లో జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానాలో క్రేన్ ఆపరేటర్ని నేను. షెడ్డు కప్పు కింద, అంత ఎత్తున, పట్టాల మీద నడిచే క్రేన్. నిచ్చెనెక్కి ఇనప గదిలో కూర్చుంటే, తర్వాతి షిఫ్టు మనిషి పైకి వచ్చేదాకా దిగడానికి లేదు. నా తర్వాత ఎప్పుడూ ఎక్కేది మావ. చుట్టమేం కాదు. పలాస వైపు మనిషి, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. నేను మావా అంటే ఆయన అల్లుడూ అనేవాడు. కరిగిన ఉక్కు నిండిన బకెట్టును ఆయన కిందికి దించుతుంటే నేను ఇంటికి వెళ్లకుండా నిలబడి చూసేవాణ్ణి. నిద్రపోతున్న పసిపిల్లను పక్క మీద వేసినట్టు దించేవాడు.

మా క్రేన్ మనుషుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి బదులు ఒకరు షిఫ్టు చేయవచ్చు. ఆ రుణం షిఫ్టుతోనే తీరాలి. డబ్బు, బట్టలు, విందు, ఏదీ దానికి చెల్లదు. క్రేన్ మీద మనిషి ఉంటే చాలు, ఫోర్‌మన్ పట్టించుకునేవాడు కాదు. నా పరీక్షలకు నాలుగు మధ్యాహ్నాలు మావ నా షిఫ్టు చేసి, వెంటనే తన షిఫ్టూ చేశాడు. రోజుకు పదహారు గంటలు, ఆ వేడిలో.

క్యాంటీన్‌లో టీ తాగుతూ కొత్త మాట గురించి చెప్పాను.

"మేలుకీ కీడుకీ కలిపి ఒకటే మాటా? ఆళ్లకి మాటలకి కరువేటి అల్లుడూ?" అన్నాడు.

"మీరు చేసిన నాలుగు షిఫ్టులకి నేను చేసేది కూడా అదే మావా. రిక్వైటల్."

"అంత పొడుగు మాట నాకెందుకురా. అడిగిన్నాడు టైముకి వత్తే చాలు."

మావ అడిగింది ఒక్కసారే. వాళ్లన్న విజయనగరంలో ఉండేవాడు. భూమి పంపకంలో మాటా మాటా పెరిగి పదకొండేళ్లుగా ఇద్దరికీ పలకరింపుల్లేవు. ఆ అన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఉత్తరాది యాత్ర నుంచి తిరిగి వెళ్తున్నాననీ, ఆదివారం సాయంత్రం నాలుగింటికి బండి టాటానగర్‌లో కాసేపు ఆగుతుందనీ, రావాలనిపిస్తే రమ్మనీ. ఆ వారం నాది పొద్దుటి షిఫ్టు, మావది మధ్యాహ్నం రెండింటికి. దిగకుండా నన్నే రాత్రి పదిదాకా కూర్చోమన్నాడు. సరేనన్నాను. ఆదివారం దాకా ఆ మూడు రోజులూ కార్డు జేబులోనే పెట్టుకుని తిరిగాడు.

శనివారం ఆఫీసు నుంచి నాకొక కబురు. క్లర్కు ఉద్యోగానికి నేను పెట్టుకున్న అర్జీ పెద్దసాబ్ చూశాడట, ఆదివారం నాలుగింటికి బంగళాకు వస్తే మాట్లాడతాడట. మావతో ఆ మాట చెప్పి ఉంటే ఇంకో మనిషిని వెతికేవాడు. సాబ్‌ను ఇంకో రోజు అడిగినా పోయేది. నేను ఏదీ చేయలేదు. ఆదివారం రెండు కావస్తుండగా కిందికి కేకేసి, కడుపునొప్పి, కూర్చోలేనన్నాను. ఫోర్‌మన్ సైకిల్ మీద మనిషిని మావ ఉండే భుయ్యాడీహ్ బస్తీకి పంపాడు. ఎంతైనా ఆ షిఫ్టు మావది.

మావ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. చేతిలో సంచీ, అందులో అన్న కోసం అత్త చేసిన సున్నుండలు. నిచ్చెనెక్కి వచ్చి నా నుదురు ముట్టుకుని చూశాడు.

"బాగా నొప్పేటి అల్లుడూ? ఎల్లు, ఎల్లి పడుకో."

నేను దిగి, స్నానం చేసి, సాబ్ బంగళాకు వెళ్లాను. నా ఇంగ్లీషు ఆయనకు నచ్చింది. నేనక్కడ ఉండగానే టాటానగర్‌కు బండి వచ్చింది, వెళ్లింది.

సోమవారం రెండింటికి మావ రాకముందే కేకేసి నన్ను దింపి, కింద మన తెలుగువాళ్లు ఏడెనిమిది మంది ఉండగా ఫోర్‌మన్ పట్టుకున్నాడు. సాబ్ పొద్దున్నే అతనితో నన్ను మెచ్చుకున్నాడట.

"నిన్న కడుపునొప్పితో మెలికలు తిరిగినవాడివి, బంగళాలో సమోసాలు తిన్నావట? ఈ సంగతి పైకి రాయనా?" అన్నాడు హిందీలో.

రాస్తే నా అర్జీ అక్కడితో సరి. మావ అప్పుడే డ్యూటీకి వచ్చాడు. అంతా విన్నాడు. నావైపు ఒకసారి చూసి ఫోర్‌మన్ వైపు తిరిగి తనూ హిందీలోనే అన్నాడు.

"వీడి తప్పేం లేదు సాబ్. నేనే అలా చెప్పమన్నాను. మా అన్న మొహం చూడటం నాకిష్టం లేదు. ఇంట్లో ఆడవాళ్లు వెళ్లమని ప్రాణం తీస్తున్నారు. డ్యూటీకి పిలుపొస్తే తప్పించుకోవచ్చని వీడిచేత నాటకమాడించాను."

ఫోర్‌మన్ పగలబడి నవ్వాడు. మనవాళ్లూ నవ్వారు. అది అబద్ధమని నేను అనలేదు.

అందరూ వెళ్లాక నిచ్చెన దగ్గర అడిగాను. "ఎందుకలా చెప్పారు మావా?"

"మరేటి సెప్పాల? నీ కాయితం చింపీద్దురు. ఆ కుర్సీ మళ్లీ వత్తాదేటి?"

"మరి మీ అన్న?"

"బండి ఎల్లిపోనాది కదేటి. నీ కాయితం చింపీత్తే ఎనక్కి వత్తాదా?"

నేనాయన మొహంలో కోపం కోసం వెతికాను. లేదు. బాధ ఉంది, దాచుకోలేదు కూడా. ఆ బాధతోనే నిచ్చెన పట్టుకుని మెట్టు మెట్టూ ఎక్కి వెళ్లి, కాసేపటికి బకెట్టు ఎత్తాడు. షెడ్డంతా ఎర్రబడింది. తలెత్తి చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. ఏ పుస్తకంలోనూ ఏ గుళ్లోనూ నాకు కలగని భయభక్తులు అప్పుడు కలిగాయి. నేను ఆయనకు చేసినదానికి ఆయన తిరిగి ఇచ్చింది ఇది.

ఆ సాయంత్రానికే భుయ్యాడీహ్ అంతా పాకింది, అన్నను చూడటం ఇష్టంలేక నాటకమాడాడని. అత్త నెలల తరబడి ఆయనతో మాట్లాడలేదు. విజయనగరానికీ చేరింది. ఖాళీ ప్లాట్‌ఫారం చూసి వెళ్లిన అన్న, మళ్లీ కార్డు రాయలేదు.

నాకు క్లర్కు ఉద్యోగం వచ్చింది. క్రేన్ దిగిపోయిన నా చేతిలో ఇవ్వడానికి షిఫ్టు అనేదే లేకుండా పోయింది. ఒకసారి పంచెల చాపు పట్టుకెళ్తే, "ఇది దానికి సెల్లదురా అల్లుడూ, నీకు తెల్దా?" అని నవ్వి, టీ ఇచ్చి, పంచెలతోనే పంపించాడు. ఇన్నేళ్లలో ఆఫీసులో ఎన్నో ఇంగ్లీషు ఉత్తరాలు రాశాను. రిక్వైటల్ అన్న మాట ఒక్కదాంట్లోనూ వాడలేదు. అవసరం రాలేదని చెప్పుకునేవాణ్ణి.

పోయిన నెల ఒక పెళ్లి భోజనాల్లో పెద్దాయనొకడు మళ్లీ ఆ కథ ఎత్తాడు. "ఈ మొండిమావ ఉన్నాడే, తోడబుట్టినోడికి బండి దగ్గర మొహం సూపించకుండా కడుపునొప్పి నాటకం ఆడించేడు!" బంతి మొత్తం నవ్వింది. రిటైరైన మావ బంతి చివర, ఆకు ముందు పెరుగన్నం కలుపుకుంటూ తనూ నవ్వాడు. నేనూ నవ్వాను. నా వయసిప్పుడు ఆనాటి మావ వయసుకు దగ్గరపడింది, ఇంకా నవ్వాను.

ఇప్పుడు నిజం చెబితే నా కుర్సీకి వచ్చే ముప్పేమీ లేదు. ముప్పు పోయి కూడా చాలా ఏళ్లయింది. కడుపునొప్పి అబద్ధం నాది, నాటకమని ఆయన చెప్పింది నన్ను కాయడానికి, ఆయన ఆ రోజు స్టేషనుకు బయల్దేరిన మనిషి. అన్నగారు ఇంకా ఉన్నారని, చూపు కాస్త తగ్గిందని తెలిసింది. అందుకే ఇదంతా పెద్ద అక్షరాలతో మరో కాగితం మీద ఎత్తి రాశాను. రేపు పొద్దున్న విజయనగరానికి పోస్టు చేస్తాను. మావను అడగలేదు. అడిగితే వద్దంటాడు.