పైపు తీసే గడియ

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నా పక్కటెముకల మధ్య నుంచి ఒక పైపు బయటికొచ్చి, మంచం కింద సీసాలో నీళ్లలో మునిగి ఉండేది. ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి కారుతోందని, పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల్లోంచే ఆపరేషన్ చేశారు. గాలి ఇంకా కారుతుంటే దగ్గినప్పుడు సీసాలో బుడగలొస్తాయి. బుడగలు ఆగితే పైపు తీసి ఇంటికి పంపుతారు.

జమ్మలమడుగులో ఇల్లయితే ఉంది, మనుషులే లేరు. భార్య పోయింది, పిల్లలు లేరు. గుడి పూజారిని కాబట్టి ఊరంతా నా చేతి తీర్థమే పుచ్చుకుంటుంది. చూడటానికి ఒక్కడూ రాలేదు. ఒళ్లు మండిపోయేది నాకు.

సీసా చూడటానికి మాత్రం నర్సమ్మ పొద్దునా సాయంత్రం వచ్చేది. నేలమీద గొంతుక్కూర్చుని "దగ్గు సామీ" అనేది. పనిలో పనిగా తింటివా, నిద్ర పట్టిందా అని అడిగేది. ఆ కాసేపటి కోసం రోజంతా ఎదురుచూసేవాణ్ని.

శుక్రవారం పదిన్నర దాటాక డాక్టరు వచ్చాడు. ఎంత దగ్గినా బుడగ రాలేదు. ఎక్స్‌రే కూడా బాగుంది.

"తీసేద్దాం సామీ."

"రాహుకాలం నాయనా. పన్నెండు దాటనీ," అన్నాను.

ఆయన నవ్వి, సరేనని ఆపరేషన్ థియేటర్‌కు పోయాడు.

పక్క మంచం మీద పులివెందుల దిక్కు రైతు. ఆయనకూ అలాంటి పైపే. ఆయన భార్య నన్నే చూస్తోంది.

"నిన్న మా ఆయప్పకు పైపు ఏసేటప్పుడు నేనడిగితే, మందుకూ మాకుకూ రాహుకాలం ల్యాదంటివి కదా సామీ. ఈపొద్దు నీకెట్లొచ్చె?"

నేను వంగి నా సీసాలోకి చూశాను.

"ఇంట్లో ఎవురూ ల్యారా?"

ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేక లేరన్నాను. ఆమె తన క్యారియర్‌లోంచి సంగటి తీసి నా ప్లేటులో పెట్టింది. మడీ గిడీ పక్కనపెట్టి తిన్నాను.

మధ్యాహ్నం డాక్టరు వచ్చి, ఊపిరి బిగబట్టమని చెప్పి పైపు లాగేశాడు. కట్టు కట్టి, సీసా తీసుకుపోయారు. పొద్దున్నే ఇంటికి పోవచ్చన్నారు.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. అలవాటుగా లేచి కూర్చున్నాను. ఆమె నా మంచం దాటిపోయి, పక్క సీసా దగ్గర గొంతుక్కూర్చుంది.

"దగ్గు మామా," అంది.

ఆయన కంటే ముందు నేను దగ్గాను.