లేని ఊళ్లో మాయక్కాళ్

నాగలాపురం మాయక్కాళ్ నోటికి జడిసి విరుదునగర్ మిరపకాయల మండీలో కాటా కూడా తిన్నగా నిలబడేదని చెప్పుకునేవారు. మొగుడు పోయింది మొదలు నల్లరేగడిలో పండిన కాయల్ని ఎండబెట్టి, మూట బస్సుమీద వేయించి, కోవిల్‌పట్టిలో బస్సు మారి, విరుదునగర్‌లో బేరమాడి అమ్ముకొచ్చేది ఆమే. తోడు రానా అని ఎవరైనా అడిగితే ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

అలాంటి మనిషి 2008లో ఒకనాడు విరుదునగర్ అనుకుని సాత్తూరులో దిగిపోయింది. మండీ వీధి కోసం వెతికి వెతికి బస్టాండులోనే కూలబడితే, తెలిసిన కండక్టర్ చూసి మళ్లీ బస్సెక్కించాడు. ఆమె కంటే ముందే కబురు ఊరు చేరింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, దారి తప్పినందుకు కంటే అది ఊరంతా తెలిసినందుకే ఆమెకు మండింది. "ఇంక ఒంటిగా పోవద్దు" అని కొడుకు సుబ్బురాజ్ తేల్చేసేసరికి అన్నం మానేసి కూర్చుంది.

కోపం పైకి. లోపల ఉన్నది భయం. అక్క చెల్లమ్మాళ్ కూడా ముందు ఇలాగే దారులు మరిచింది, తర్వాత పేర్లు మరిచింది, ఆఖరికి కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు?" అంది. తనకూ అదే రాసిపెట్టి ఉందేమోనని మాయక్కాళ్ వణికిపోయింది.

కోడలు యువరాణి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. మతిమరుపు జబ్బును మొదట్లోనే పట్టే కొత్త పరీక్ష ఒకటి విరుదునగర్‌లో చేస్తున్నారని అక్కడే విన్నది.

"అత్తా, ఆ పరిచ్చెలో నెగ్గితే మీ కొడుకు నోరు మూయించొచ్చు గదా" అంది.

ఆ మాటకు మాయక్కాళ్ వెంటనే చీర మార్చుకుంది.

ఆస్పత్రిలో డాక్టర్ సీనివాసన్ ఆమె కళ్లకు కంప్యూటర్ తీగలున్న బరువైన జోడు ఒకటి తగిలించాడు. అందులో ఒక ఊరు కనబడింది, పక్కనున్న తెర మీద మిగతావాళ్లకూ అదే కనబడేది. తల తిప్పితే వీధి తిరిగేది, చేతిలో పిడి నొక్కితే ముందుకు నడిచినట్టుండేది. "ఏమి ఊరే ఇది, ఒక్క కుక్క గూడా లేదే!" అని మాయక్కాళ్ జాలిపడింది. ఆ ఊరి బస్టాండు నుంచి పోస్టాఫీసుకు పోవాలి, మళ్లీ బస్టాండుకు తిరిగి రావాలి. దారి మరవడం ఆ జబ్బుకు తొలి గుర్తుల్లో ఒకటట.

మాయక్కాళ్ బయలుదేరింది. పోవలసిన చోటు గుర్తుందో లేదో చూద్దామని డాక్టర్ తమిళంలో, సొంత అవ్వను పిలిచినట్టు తీయగా అడిగాడు, "ఎక్కడికి పోతున్నారు పాట్టీ?"

అంతే. ఆమె ఆగింది. వెనక్కి తిరిగి బస్టాండుకే వచ్చేసింది. జోడు తీసి, మంచినీళ్లడిగి తాగి, కాసేపు కూర్చుని మళ్లీ మొదలుపెట్టింది. డాక్టర్ మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ వెనక్కే. మూడోసారీ అదే జరిగేసరికి ఆయన మొహం వాడిపోయింది.

"ఎక్కడికి పోవాలో గుర్తుండడం లేదమ్మా" అన్నాడు కోడలితో.

యువరాణి పక్కున నవ్వింది. "బయలుదేరేటప్పుడు ఎక్కడికని అడుగుతారా సార్? పని చెడుతుంది గదా! 'దూరమా?' అని మాత్రమే అడగాల. తెలీక అడిగితే, తిరిగొచ్చి నీళ్లు తాగి పోవాల."

డాక్టర్ నెత్తి కొట్టుకున్నాడు. "మా పాట్టి వినుంటే నన్ను తన్నేది!" అంటూ తనూ నవ్వేశాడు.

ఈసారి ఎవరూ నోరు మెదపలేదు. మాయక్కాళ్ గీత గీసినట్టు పోస్టాఫీసుకు చేరింది. యువరాణి చప్పట్లు కొట్టింది. ఇక తిరిగి రావాలి. నాలుగు వీధులు కలిసే చోట మాయక్కాళ్ నిలబడిపోయింది. ఎడమకు పోయి వెనక్కి వచ్చింది, కుడికి పోయి వెనక్కి వచ్చింది, ఎటు చూసినా అది కొత్త ఊరే. అత్తను అలా చూసి యువరాణికి ఏడుపొచ్చింది.

"ఎవరో తుమ్మినారు సార్" అంది గబగబా. "దానికే అత్త నిలిచిపోయినాది. మళ్లీ మొదట్నించి పెట్టండి."

మాయక్కాళ్ జోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎవరూ తుమ్మలే, అమ్మాయ్. ఈ తూరి నాకే దారి తెలీలే."

చెప్పేశాక ఆమెకు గుండె బరువు కాస్త దిగింది. సాత్తూరు నాటి నుంచి ఆ మాట ఎవరితోనూ అనలేకపోయింది మరి. డాక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ఒక్క పరీక్షతో ఏదీ తేలదన్నాడు. అయితే జబ్బుకు ఇది మొదలు కావచ్చు, కొన్ని నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, పని మాత్రం మానొద్దు, తోడు ఒకరుంటే చాలన్నాడు.

తిరుగు బస్సులో మాయక్కాళ్ కిటికీ పక్కన కూర్చుంది. సాత్తూరు దాటాక కోడల్ని మోచేత్తో పొడిచింది.

"వచ్చే వారం మండీకి నువ్వూ రా. దారి నువ్వు చూడు, బేరం నేను చూస్తా."

"ఫ్యాక్టరీకి లీవు పెడతా అత్తా."

"పక్కనే నిలిచి బాగా విను. బేరం గూడా నేను మరిచేనాటికి, నువ్వు నేర్చుకొని ఉంటావు."